మాడ్చిన పంచదార

మాదిగల చరిత్ర రాస్తామంటే కాగితాలెక్కడున్నాయని అడుగుతారు పండితులు. శాసనాల్లో మేం లేం. కరణం దఫ్తరంలో మా తాతల పేర మడిచెక్క లేదు. మిషన్ దొరలు రాసుకున్న రిపోర్టుల్లో ఉన్నాం గానీ అక్కడ అంకెలుగా ఉన్నాం, ఈ ఏడు ఎంతమందికి బాప్తిస్మమిచ్చారు, ఎంతమంది పిల్లలు బడికొచ్చారు అని. మా ఇంటి మటుకు నా చేతికి అందిన దస్తావేజు ఒకటే. కిస్మస్‌కి మా అమ్మ చేసే కేకు. అది ఎవరి చేతుల మీదుగా మా పల్లెకొచ్చింది, ఎవరు తిన్నారు, ఎవరు ముట్టుకోలేదు అని అడుక్కుంటా పోతే నాకు మా వంశం దొరికింది. ఈ దేశం మా కులాన్ని ఏ తూకంతో తూచిందో కూడా దొరికింది.

మాదిగపల్లెలో కేకేంటని మీకు నవ్వు రావచ్చు. గొడ్డుకూర, చింతపండు, జొన్నసంకటి అంటే నమ్ముతారు. కేకంటే దొరలది, పట్నపోళ్ళది అనుకుంటారు. ఈ నవ్వుకి జవాబు చెప్పాలంటే నూటయాభై ఏళ్ళ వెనక్కి పోవాలి.

మాది గుండ్లకమ్మకి దగ్గర్లో ఉన్న పల్లె. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరపున జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలొచ్చాడు. ఆయన రాకముందే కనిగిరి వైపు తాళ్ళకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, ఈ మతం సంగతి విని తనే వెతుక్కుంటా పోయాడు. అదే ఏడు బాప్తిస్మం తీసుకున్నాడు. మాకు సువార్త మొదట చెప్పింది దొర కాదు, పేరయ్యే. ఊరూరా నడిచి మాదిగల మధ్య కూచుని చెప్పాడు. కొత్తగా కలిసినవాళ్ళకి పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. వినటానికి మూడు ముక్కలే. ఊళ్ళో ఇవి పిడుగుల్లా పడ్డాయి. ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం. జాతరకి డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. బావి దారి మూసేశారు, పని మాన్పించారు, కొట్టారు.

తర్వాత ధాత, ఈశ్వర సంవత్సరాల కరువొచ్చింది, 1876 నుంచి 1878 దాకా. మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోయారు. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలవ తవ్వించారు. 1877లో సర్కారు కట్టిన కూలి మనిషికి రోజుకొక పౌండు ధాన్యం, పైన ఒక అణా. క్లౌ దొర మూడున్నర మైళ్ళ కాలవ కంట్రాక్టు తీసుకుని మా వాళ్ళకి పని చూపించాడు. మా తాత తాత ఆ కాలవలో మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కరువున్నంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటికోసం వచ్చారనే మాట పడగూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. ఇంత జాగ్రత్త పడ్డా మాట తప్పలేదు. నా చిన్నతనంలో కూడా ఊళ్ళో పిల్లలు మమ్మల్ని 'పాలపిండి కిరస్తానపోళ్ళు' అని ఎక్కిరించేవాళ్ళు. అమెరికా పాలపిండితో కాసిన పాలు బళ్ళో వాళ్ళూ తాగినవాళ్ళే.

మా ఇంట్లోకి కేకు వచ్చింది కుసినిలోంచి. కుసిని అంటే దొరల బంగళా వంటిల్లు. ఆ మాట పోర్చుగీసు నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయింది. మా అమ్మ చచ్చిందాకా 'వంటిల్లు' అన్నది తక్కువ, 'కుసిని' అనేది.

మా తాత, అంటే అమ్మ నాయన, ఒక మిషన్ బంగళాలో కట్టెలు కొట్టటానికి చేరాడు. ఆ తర్వాత ఉల్లిపాయలు తరగటం, గిన్నెలు తోమటం, చివరికి పొయ్యి దగ్గర నిలబడటం దాకా వచ్చాడు. దొరలు మాదిగోడి చేతి వంట తిన్నారంటే ఎంత గొప్ప మనసు అని మా అయ్యగార్లు ప్రసంగాల్లో చెప్పేవాళ్ళు. గొప్ప మనసు ఉంటే ఉండొచ్చు. అసలు సంగతి వేరే ఉంది. దొరలు గొడ్డుమాంసం తింటారు, వాళ్ళ ఎంగిలి కంచాలు తియ్యాలి. సవర్ణులు ఆ కుసినిలో కాలు పెట్టరు. అందుకే మద్రాసు రాజధాని పొడుగునా తెల్లోళ్ళ వంటిళ్ళల్లో ఎక్కువగా పనిచేసింది పరయలు, మాలమాదిగలు, ముస్లిములు, గోవా కిరస్తానీలు. అంటరాని చేతులు కాబట్టే ఆ పని మా చేతికొచ్చింది. మా కేకు పుట్టుకలోనే కులం ఉంది.

తాతకి కేకు నేర్పింది దొరసాని కాదు. మద్రాసు నుంచి వచ్చిన ముసలి బట్లరు. ఆయన పరయ. దొరసాని దగ్గర ఇంగ్లీషు పుస్తకం ఉండేది, ఔన్సులు, కప్పులు అని. బట్లరుకి చదువు రాదు, తాతకి రాదు. ఆమె చదివి చెప్పింది వీళ్ళు విని, సోలలోకి, గిద్దలోకి మార్చుకుని నెత్తిలో పెట్టుకున్నారు. ఇట్టాంటిది మా ఒక్క చోటే జరగలేదు. కేరళలో తలశ్శేరిలో మంబల్లి బాపు అనే బేకరీ ఆయన 1883లో మర్డాక్ బ్రౌన్ అనే దొర తెచ్చిచ్చిన కేకు రుచి చూసి, అట్టాంటిదే తన చేత్తో చేసి పెట్టాడని అక్కడ చెప్పుకుంటారు. ఆయన తీయ కులస్థుడు. దొర పేరు, బేకరీ పేరు నిలిచాయి కాబట్టి బాపు పేరు నిలిచింది. బంగళా కుసినీల్లో చెయ్యి కాల్చుకున్న వేలమంది పేర్లు ఎవరూ రాయలేదు.

మా అమ్మ తొమ్మిదేళ్ళప్పుడు తాతతో కుసినిలోకి పోయింది, 1947 ప్రాంతంలో. ఆమె పని గుడ్లు గిలక్కొట్టటం. చెయ్యి ఆపితే తాత మొట్టికాయ వేసేవాడంట. పదేళ్ళు కొట్టింది. తర్వాత పెళ్ళయి మా పల్లెకొచ్చింది. దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, బంగళాకి తాళం పడింది. కేకు మాత్రం అమ్మతో వచ్చింది. కట్నం కింద తాత ఇచ్చింది ఒక అల్యూమినియం డేగిశా, ఒక కవ్వం.

అమ్మ లెక్క ఇది. మానికెడు మైదా, అంటే నాలుగు సోలలు. మూడు సోలల పంచదార. పన్నెండు గుడ్లు, నాటుకోడివి చిన్నవైతే పదిహేను. అరకేజీ వెన్న, దొరక్కపోతే డాల్డా. గుప్పెడు ఎండుద్రాక్ష, గుప్పెడు వేటపాలెం జీడిపప్పు బద్దలు, బద్దలైతే చవక. బత్తాయి తొక్క సన్నగా తరిగింది. సొంఠి, యాలక్కాయ, లవంగం, జాజికాయ. కాస్త వంటసోడా, చిటికెడు ఉప్పు. ఇవిగాక మాడ్చటానికి విడిగా ఒక సోలెడు పంచదార.

ఈ మాడ్చిన పంచదారే మా కేకుకి ప్రాణం. దొరసాని కేకు నల్లగా ఉండేది రకరకాల ఎండుపళ్ళ వల్ల. మాకంత ఎక్కడిది? నలుపు పంచదారలోంచి తెచ్చుకోవాలి. ఇనప మూకుడులో పొడి పంచదార వేసి సన్న సెగ మీద తిప్పుతా ఉండాలి. ముందు కరిగి తేనెరంగు కొస్తది. అక్కడ దించితే తీపి తప్ప ఏం రాదు. ఎర్రబడి, పొగ లేచి, ముక్కుకి చేదు తగిలేదాకా ఉంచాలి. ఇంకొక్క క్షణం దాటిందా బొగ్గే. సరిగ్గా అప్పుడు కాగే నీళ్ళు గ్లాసెడు పొయ్యాలి. భగ్గుమని ఎగజిమ్ముతది. అందుకని ఒక అడుగు వెనక్కేసి, మొహం పక్కకి తిప్పి పోసేది. ఆమె కుడిచేతి మీద చిన్న చిన్న మచ్చలు నాలుగైదు ఉండేవి, అవన్నీ కిస్మస్ మచ్చలే.

గుడ్లు నవంబరు ఆఖర్నుంచీ కూడబెట్టేది, ఊకలో దాచి. చేసే రోజు నీళ్ళల్లో వేసి చూసేది, తేలింది తీసి పారేసేది. మైదా పాత చీరగుడ్డలో జల్లించేది, రేషన్ మైదాలో పురుగులుంటాయి. వెన్న, పంచదార తెల్లగా నురుగొచ్చేదాకా చేత్తో మెదిపేది. మా నాయన, అక్క, నేను వంతులేసుకుని గుడ్లు గిలక్కొట్టేవాళ్ళం. డాల్డా డబ్బాలు అడ్డంగా కోయించి, లోపల వెన్న రాసి కాగితం పరిచి పిండి పోసేది. డేగిశాలో గుండ్లకమ్మ ఇసక నాలుగేళ్ళ మందాన పోసి, దాని మీద డబ్బాలు పెట్టి, రేకు మూతేసి, కింద ఒకవంతు నిప్పు, పైన రెండొంతులు. తుమ్మ బొగ్గులైతేనే నిలకడగా ఉంటాయి. ఎంతసేపంటే అయ్యగారి ప్రసంగమంతసేపు, అంటే గంటన్నర. కొబ్బరి ఈనె గుచ్చి తీస్తే తడి అంటగూడదు.

వెన్న సంగతి చెప్పాలి. మాకు పాడి లేదు. అమ్మ కలుపుకి, కోతకి పొయ్యే ఆసామి ఇంట్లో కొనాలి. డబ్బులు అరుగు మీద పెట్టాలి. గిన్నె నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరగాలి. అమ్మగారు పైనుంచి వెన్నముద్ద జారవిడిచేది. గిన్నెలో పడ్డదీ మాదే, మట్టిలో పడ్డదీ మాదే. కిస్మస్ మర్నాడు అమ్మ అదే ఇంటికి కేకు ముక్కలు విస్తరాకులో చుట్టి తీసకపొయ్యేది.

"అమ్మగోరా, పండగ చేసుకున్నాం" అనేది.

"కొట్టంలో గాడి మీద పెట్టి పోవే" అనేది ఆమె.

గాడి అంటే గొడ్లు మేత మేసేది. వెన్న వాళ్ళది, గేదె వాళ్ళది. మధ్యలో మా అమ్మ చెయ్యి తగిలేసరికి మనుషులు తినగూడనిదయింది. ఆ ఇంటి చెప్పులు కుట్టింది మా వాళ్ళే, బొక్కెనకి తోలు కుట్టింది మా వాళ్ళే, ఆ తోలులో ఊరిన నీళ్ళకి మైల లేదు. ఒకసారి నేను వాము వెనక నక్కి చూశాను. అమ్మ అటు పోగానే ఆ ఇంటి పిల్లలిద్దరు కొట్టంలోకి దూరి విస్తరాకు విప్పి గబగబా తిని, మూతులు గడ్డితో తుడుచుకుని పోయారు. అమ్మకి చెప్తే, "తెలుసులే. అందుకే ఏటా రెండు ముక్కలెక్కువ పెడతన్నా" అంది.

కుసిని నుంచి ఆసామి కొట్టం దాకా వచ్చిన ఈ కథ 1988 డిసెంబరులో కాగితం మీదికెక్కింది.

నా చదువైపోయి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కులం సర్టిఫికెట్ కావాలి. మా అక్కని నాయన మిషన్ బళ్ళో వేశాడు, రిజిస్టర్లో 'క్రిస్టియన్' అని రాశారు. నన్ను బోర్డు స్కూల్లో వేశాడు, అక్కడ పంతులు ఏమీ అడక్కుండా 'హిందూ, మాదిగ' అని రాసుకున్నాడు. మా పల్లెలో చాలా ఇళ్ళల్లో ఇంతే, ఒక గుడి పేరు, ఒక రికార్డు పేరు. అక్కకి బీసీ-సీ సర్టిఫికెట్ వచ్చింది. 1970లో పెట్టిన బీసీ జాబితాలో ఎస్సీల్లోంచి కిరస్తానంలోకి పోయినోళ్ళని ఒక గ్రూపు చేసి ఒక్క శాతం ఇచ్చారు. నాది విచారణకొచ్చింది.

మండలాఫీసు నుంచి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వొస్తున్నాడని తలారి ముందే చెప్పిపోయాడు. నాయన గోడ మీద క్యాలెండరు తీసేశాడు. "ఒక్కరోజే గదా, బొట్టు పెట్టుకోవే" అని అమ్మని బతిమాలాడు. "అడిగితే నేనేదో చెప్పుకుంటా. మొహం మీద మాత్రం రాసుకోను" అంది. అది కిస్మస్‌కి మూడు రోజుల ముందు. డేగిశా అప్పటికే పొయ్యి మీదుంది. పల్లెంతా వాసన.

ఆయన వచ్చి గుమ్మం బయట కుర్చీలో కూచున్నాడు. పేర్లడిగాడు, రాసుకున్నాడు. ఏ దేవుడికి మొక్కుతారని అడిగాడు. "మా పెద్దోళ్ళు మొక్కిన దేవుడికే అయ్యా" అంది అమ్మ. అబద్ధం కాదు, నాలుగు తరాలది అది. కాసేపయ్యాక ముక్కు ఎగబీల్చి, "ఏంటమ్మా ఈ వాసన?" అన్నాడు.

"పంచదార మాడిందండయ్యా" అంది.

ఎండలో సైకిలు తొక్కుకుంటా వొచ్చాడు పాపం, నాలిక పిడచకట్టుకుపోయి ఉంది. నాయన "మంచినీళ్ళు ఇప్పించమంటారా అయ్యా" అన్నాడు. "వద్దులే, ఇప్పుడే తాగొచ్చా" అన్నాడు. పల్లె దాటి ఊరు మొగదలలో మొదటి అరుగు దగ్గర సైకిలాపి రెండు చెంబులు తాగాడని వెనకాల పోయిన పిల్లలు చూసొచ్చి చెప్పారు.

ఆయన చెడ్డోడని నేననను. ఒక్క కటువు మాట అనలేదు. రిపోర్టు కూడా మాకు అనుకూలంగానే రాశాడు. నేను చెప్పేదల్లా ఇదే. మా ఇంట్లో నీళ్ళు తాగలేని మనిషి, మేం అంటరానివాళ్ళమా కాదా అని విచారించటానికి వచ్చాడు. ఆయన దాహమే పెద్ద సాక్ష్యం. దాన్ని రాసుకోటానికి ఆ ఫారంలో గడి లేదు.

నాకు ఎస్సీ అని వచ్చింది. కిస్మస్ రోజు అమ్మ కేకు కోస్తుంటే మా అక్క పళ్ళెం పట్టుకొచ్చి, "నాకు బీసీ ముక్క పెట్టు, తమ్ముడికి ఎస్సీ ముక్క పెట్టు" అంది. నాకంటే మార్కులు ఎక్కువొచ్చిన మనిషి. నవ్వుతానే అంది. అమ్మ కత్తి ఆపి కాసేపు చూసింది. "ఒక్క డబ్బాలో కాలిందే! ఏడ జూసి కొయ్యమంటావు?" అంది.

ఏడ జూసి కొయ్యాలో ఢిల్లీ వాళ్ళు 1950 ఆగస్టు 10నే రాసిపెట్టారు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరాలో హిందువు కాని మనిషి షెడ్యూల్డు కులస్థుడు కాడన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. కిరస్తానీల్ని, ముస్లిముల్ని బయటే ఉంచారు. ఈ పేరా మీద సుప్రీంకోర్టుకి పోయిన సూసై ఎవరనుకుంటున్నారు? మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి. చెప్పులు కుట్టేవాళ్ళకి సర్కారు ఉచితంగా ఇచ్చే బంకు, కిరస్తానివి నీకు రాదన్నారు. మతం మారాక కూడా అంటరానితనం అంతే తీవ్రంగా ఉందని రుజువు చెయ్యాలి, అది చెయ్యలేదు అని 1985లో కోర్టు కొట్టేసింది. అదే ఏడు జూలై 17న కారంచేడులో మాదిగల్ని వెంటాడి నరికారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలల్ని నరికి కాలవలో తొక్కారు. నరికినవాడు నువ్వు గుడికి పోతావా, చర్చికి పోతావా అని అడగలేదు. 1985 కిస్మస్‌కి మా పల్లెలో నక్షత్రాలు కట్టలేదు, మా ఇంట్లో డేగిశా దించలేదు. నాకు తెలిసి అమ్మ కేకు చెయ్యని ఏడు అదొక్కటే.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమని రిపోర్టిచ్చింది. తియ్యలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ని వేశారు. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగాన్ని మోసం చెయ్యటమంది. మోసమనే మాట అంత తేలిగ్గా వాడారు. గొడ్ల గాడిలో కేకు పెట్టించుకున్న మాటకి చట్టంలో పేరేంటో చెప్పినవాళ్ళు లేరు.

ఈ లోపల కేకు మారిపోయింది. బెంగుళూరు చిక్కపేటలో 1898లో హాసన్ వైపు నుంచి వచ్చిన తిరుమలాచార్ కుటుంబం బేకరీ పెట్టింది. ఆ దారిలో వచ్చిన అయ్యంగార్ బేకరీ బోర్డులు ఇప్పుడు మన పట్నాల్లోనూ కనపడతాయి. అక్కడ కేకులో గుడ్డుండదు. మంచిదే, ఎవరి తిండి వాళ్ళిష్టం. కానీ చూడండి. రొట్టె, కేకు అంటే తెల్లోడి ఎంగిలి అని ముక్కు మూసుకున్న ఊరు, గుడ్డు తీసేసి బోర్డు మీద కులం పేరు రాయగానే పుట్టినరోజుకీ, జనవరి ఒకటికీ కొవ్వొత్తి పెట్టి కోస్తోంది. కేకు దోషం కేకులో లేదు, చేసిన చేతిలో ఉందని మా అమ్మ యాభై ఏళ్ళ కిందే కొట్టంలో నేర్చుకుంది.

అమ్మ 2009లో పోయింది. ఇప్పుడు కేకు నేను చేస్తాను. మగోడివి నీకెందుకీ పని అన్నవాళ్ళకి మా తాత మగోడేనని చెప్తాను. ఇంట్లో కరెంటు ఓవెన్ ఉంది, గుడ్లు కొట్టే మిషనుంది. పంచదార మాత్రం ఇనప మూకుడులో అమ్మ మాడ్చినట్టే మాడుస్తాను. మా అమ్మాయి మానికెల్నీ సోలల్నీ గ్రాముల్లోకి మార్చి నోటుపుస్తకంలో రాసింది. దొరసాని గ్రంథం నుంచి మా తాత సోలలోకి మార్చింది మళ్ళీ కాగితమెక్కింది, ఈసారి మా చేతి రాతతో.

మేముండే అపార్టుమెంటులో కిస్మస్‌కి అందరికీ డబ్బాల్లో పెట్టి పంపుతాం. పోయిన ఏడు పై అంతస్తు ఆవిడ తలుపు దగ్గరే, "ఎగ్‌లెస్సేనా అండీ?" అని అడిగింది. "కాదండీ, పన్నెండు గుడ్లు" అంది మా అమ్మాయి. "మీరేం అనుకోవద్దు" అని ఆవిడ తలుపేసుకుంది. ఎదురింటి కుర్రాడు మాత్రం ఖాళీ డబ్బా తెచ్చి ఇంకో ముక్క ఉందా అని అడిగాడు. మొత్తం పదకొండు ఇళ్ళకి పంపితే ఏడు డబ్బాలు కడిగి ఇచ్చారు, మూడు మూత తియ్యకుండానే తిరిగొచ్చాయి, ఒకటి తలుపు దగ్గరే ఆగింది. ఏది ఏ నంబరు ఫ్లాటో మా అమ్మాయి ఆ నోటుపుస్తకంలోనే, మైదా కొలత పక్కన, తారీఖు వేసి రాసిపెట్టింది.